ట్రంకు పెట్టెలోని పాత బ్యాండు నోట్సు: బీబీసీ మిలిటరీ బ్యాండు చరిత్ర సాయంతో పోల్చుకుని, సెట్టు కూర్చి, కాపాడుకునే పద్ధతి

చిత్తూరు, తిరుపతి పట్టణాలలో పోలీసు బ్యాండులోనో, బడి బ్యాండులోనో, పెళ్లిళ్లకూ జాతరలకూ వాయించే బ్యాండు సెట్టులోనో ఒక తరం పాటు పనిచేసిన వారి ఇళ్లలో, అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉండడం, దాని అడుగున ఐదు గీతల స్వరలిపిలో అచ్చయిన కాగితాలు పసుపుబారి దారంతో కట్టి ఉండడం నేను కొన్ని చోట్ల చూశాను. మా మేనమామ చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా క్లారినెట్ వాయించారు. ఆయన పోయిన తరువాత అటువంటి పెట్టె ఒకటి తిరుపతిలోని మా ఇంటికి చేరింది. అందులోని కాగితాలను విడదీసి, పోల్చి, మళ్లీ వాయించగలిగే స్థితికి తేవడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది. ఆ పనికి నాకు దారి చూపినది ఎక్కడో లండనులో పుట్టి, పదహారేళ్లు మాత్రమే బతికిన ఒక రేడియో బ్యాండు చరిత్ర. అందుకే ఆ చరిత్రను, పని చేసే పద్ధతిని కలిపే రాస్తున్నాను.

మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. బ్యాండు నోట్సులో ఒక కాగితం ఒక పాట కాదు. అది ఒక వాద్యగాడి వంతు మాత్రమే. ఇరవై, ముప్పై వంతులు ఒకచోట చేరితే తప్ప పాట లేదు. అలా ఒక పాట వంతులన్నీ చేరిన కట్టనే ఇక్కడ సెట్టు అంటున్నాను. మన తిరుమలలో దొరికిన తాళ్ళపాక వారి రాగిరేకులలో సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. కాబట్టి పాట నిలిచినా అన్నమయ్య పాడిన బాణీ నిలవలేదు. బ్యాండు నోట్సు పరిస్థితి దీనికి తలకిందులు: ప్రతి స్వరమూ అచ్చులో ఉంటుంది, కానీ పాట మొత్తాన్ని చూపే కాగితం తరచుగా ఉండదు. ఒక కట్ట దారం తెంపి కాగితాలను పేకముక్కల్లా కలిపేస్తే, మనం పాటనే పోగొట్టుకున్నట్లు.

బీబీసీ బ్యాండు సంగతి

మిలిటరీ బ్యాండు అన్న మాట మన వారిని తికమక పెడుతుంది. బ్రిటిషు వాడుకలో అది సైనికుల బ్యాండు అని మాత్రమే అర్థమిచ్చే మాట కాదు. క్లారినెట్, ఫ్లూట్, ఓబో, బసూన్ వంటి చెక్క ఊదువాద్యాలు, కార్నెట్, హార్న్, ట్రోంబోన్, యుఫోనియం వంటి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు కలిసిన మేళాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఇత్తడి వాద్యాలూ డ్రమ్ములూ మాత్రమే ఉంటే అది బ్రాస్ బ్యాండు. బీబీసీ మిలిటరీ బ్యాండులో వాయించినవారు రేడియో సంస్థ జీతం మీద పనిచేసిన వృత్తి కళాకారులు.

1922లో కంపెనీగా మొదలైన బీబీసీ 1927 జనవరి 1న ప్రజా సంస్థగా మారింది. అదే 1927లో బి. వాల్టన్ ఓడానెల్ నాయకత్వంలో దాని శాశ్వత మిలిటరీ బ్యాండు ఏర్పడింది. ఓడానెల్ అంతకు ముందు బ్రిటిషు నౌకాదళానికి చెందిన రాయల్ మెరైన్స్‌లో బ్యాండుమాస్టరు. ఆయన 1887లో మద్రాసులో పుట్టినవాడు. అప్పటికి మన చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. ఈ చిన్న చుట్టరికం తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. 1937లో ఆయన బెల్‌ఫాస్టుకు వెళ్లగా, సోదరుడు పి.ఎస్.జి. ఓడానెల్ ఆ స్థానంలోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో బ్యాండును రద్దు చేశారు. తొలినాళ్ల కాగితాలలోనూ కొలంబియా గ్రామఫోను రికార్డుల మీదా దీని పేరు వైర్‌లెస్ మిలిటరీ బ్యాండు అని కనిపిస్తుంది, తరువాతి కాలంలో బీబీసీ మిలిటరీ బ్యాండు అని ఉంటుంది. రెండు పేర్లూ ఒకే బ్యాండువి కాబట్టి వెతికేటప్పుడు రెండింటితోనూ వెతకాలి.

ఈ బ్యాండు కోసం రాసిన ఒక రచన కథ, నోట్సు దాచుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. 1930లో బీబీసీ కోరిక మీద ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ హామర్‌స్మిత్ అనే రచనను ఈ బ్యాండు కోసం రాశాడు. 1931లో బ్యాండు దానిని సాధన చేసి చూసింది, కానీ ప్రజల ముందు వాయించలేదు. హోల్స్ట్ అదే సంవత్సరం దానిని ఆర్కెస్ట్రాకు మార్చి రాశాడు, లండనువారు మొదట విన్నది ఆ రూపాన్నే. బ్యాండు రూపం తొలిసారిగా 1932 ఏప్రిల్‌లో అమెరికాలోని వాషింగ్టన్‌లో, అక్కడి మెరైన్ బ్యాండు చేతిలో పలికింది. తరువాత ఇరవై ఏళ్లకు పైగా అది దాదాపు మరుగున పడి, 1954లో ఒక అమెరికన్ విద్యాసంస్థ బ్యాండు వాయించాక గానీ మళ్లీ వెలుగులోకి రాలేదు. అచ్చయినది 1956లో. అప్పటికి హోల్స్ట్ చనిపోయి 22 ఏళ్లు, ఎవరి కోసం రాశాడో ఆ బ్యాండు రద్దయి 13 ఏళ్లు. బ్యాండు పోయినా రచన బతికినది రాతప్రతులు ఎక్కడో ఒకచోట చెక్కుచెదరకుండా ఉన్నందువల్లే.

పెట్టె తెరిచిన రోజు

పెట్టెను నీడలో, గాలి ఆడే గదిలో, శుభ్రమైన తెల్లగుడ్డ పరచిన బల్ల మీద తెరవండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఎందుకంటే పాత కాగితాల బూజు ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ రోజు చేయవలసిన పని చూడడం, ఫొటో తీయడం, అంతే. ఏ కట్ట మీద ఏ కట్ట ఉంది, ఏ దారంతో కట్టారు, మధ్యలో ఏ చీటీ ఉంది అన్నవన్నీ ఫొటోలలో పడాలి. ఆ వరుసను పెట్టినవారు తెలిసి పెట్టి ఉండవచ్చు. మా మామయ్య పెట్టెలో మూడు వేర్వేరు పాటల కాగితాలు ఒకే దారంతో ఉంటే, ఎవరో తెలియక కలిపారని అనుకుని నేను విడదీశాను. తరువాత ఆయనతో కలిసి వాయించిన ఒక పెద్దాయన చెప్పగా తెలిసింది, ఆ మూడింటినీ ఊరేగింపులో వరుసగా ఆపకుండా వాయించేవారని. నా దగ్గర ఫొటో లేకపోతే ఆ వరుస మళ్లీ దొరికేది కాదు.

తరువాత ప్రతి కాగితానికీ ఒక నోటు పుస్తకంలో ఒక వరుస కేటాయించి, పాట పేరు, రచయిత, బ్యాండుకు కూర్చినవారి (అంటే పాటను బ్యాండు వాద్యాలకు పంచి రాసినవారి) పేరు, ఎడమవైపు పైన అచ్చయిన వాద్యం పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామా, ప్రతి పుట అడుగున ఉండే పలక సంఖ్య, కాగితం కొలత రాసుకోండి. వీటిలో అందరూ వదిలేసేది పలక సంఖ్య. అచ్చుపలక మీద చెక్కిన ఆ అంకె, సెట్టులోని కాగితాలన్నిటి మీదా సాధారణంగా ఒకటే ఉంటుంది. పేరు చిరిగిపోయిన కాగితాన్ని తన సెట్టుకు చేర్చడానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం లేదు.

సెట్టు కూర్చడం

కొత్తగా ఈ పనికి దిగినవారు మొదట వెతికేది పూర్తి స్కోరు, అంటే అన్ని వాద్యాల వంతులనూ ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి చూపే ప్రతి. అది దొరకకపోతే సెట్టు అసంపూర్ణమని దిగులు పడతారు. అలా అనుకోనక్కరలేదు. ఆ రోజుల్లో మిలిటరీ బ్యాండు సంగీతాన్ని చాలావరకు పూర్తి స్కోరు లేకుండానే అమ్మేవారు. హోల్స్ట్ 1909లో రాసిన ఇ-ఫ్లాట్ సూట్ (కొన్ని భాగాల వాద్య రచన) 1921లో వాద్యాల వంతులతో, ఒక సంక్షిప్త స్కోరుతో అచ్చయింది. దాని పూర్తి స్కోరు 1948లో గానీ రాలేదు. అంత పేరున్న రచనకే అలా జరిగింది కనుక, మన పెట్టెలో రెండు మూడు వరుసలతో కండక్టర్ అని రాసి ఉన్న కాగితం దొరికితే అదే స్కోరు అనుకోవాలి. కొన్ని మార్చ్‌లకు (కవాతు పాటలకు) అదీ ఉండదు, సోలో కార్నెట్ కాగితాన్నే చూసి బ్యాండుమాస్టరు నడిపేవారు.

ఇక అసలు చిక్కు శృతి దగ్గర వస్తుంది. ఒకే పాటకు సంబంధించిన కాగితాలు వేర్వేరు ఫ్లాట్‌లు, షార్ప్‌లతో (స్వరాన్ని అర మెట్టు దించే, పెంచే గుర్తులతో) కనిపిస్తాయి. వాటిని చూసి వేర్వేరు పాటలని అనుకోకూడదు. హార్మోనియం తెలిసినవారికి ఇది ఇలా చెబితే సులువుగా అర్థమవుతుంది. బి-ఫ్లాట్ క్లారినెట్, కార్నెట్ వాయించేవారు తమ కాగితంలో సి అని ఉన్న స్వరం వాయిస్తే, వినబడేది ఆరున్నర శృతి. ఇ-ఫ్లాట్ హార్న్, ఇ-ఫ్లాట్ క్లారినెట్, ఆల్టో శాక్సఫోన్ వాయించేవారికి అదే సి రెండున్నరలో పలుకుతుంది. పాతకాలపు డి-ఫ్లాట్ పికలో మీద ఒకటిన్నర. మిలిటరీ బ్యాండులో కింది స్థాయి గుర్తుతో (గీతల మొదట ఉండే బాస్ క్లెఫ్‌తో) రాసిన ట్రోంబోన్, యుఫోనియం, బసూన్ మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టే పలుకుతాయి. కాబట్టి హార్మోనియం మీద రెండున్నర శృతి శంకరాభరణంలో వినిపించే పాట, అంటే పాశ్చాత్యుల ఇ-ఫ్లాట్ మేజర్, ట్రోంబోన్ కాగితంలో మూడు ఫ్లాట్‌లతో, బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితంలో ఒక్క ఫ్లాట్‌తో, ఇ-ఫ్లాట్ హార్న్ కాగితంలో ఏ గుర్తూ లేకుండా, డి-ఫ్లాట్ పికలో కాగితంలో రెండు షార్ప్‌లతో ఉంటుంది. ఈ లెక్క కుదిరితే నాలుగు కాగితాలూ ఒకే సెట్టువని తేల్చుకోవచ్చు. కుదరకపోతే, పేరు ఒకటే అయినా అవి ఇద్దరు వేర్వేరు వ్యక్తులు కూర్చిన రెండు సెట్లకు చెందినవి కావచ్చు.

యుఫోనియం కాగితం పై స్థాయి గుర్తుతో (ట్రెబుల్ క్లెఫ్‌తో) ఉంటే ఒక్క క్షణం ఆగండి. అది బ్రాస్ బ్యాండు సెట్టులోనిది కావడానికి అవకాశం ఎక్కువ.

ఒక వంతు పోయినంత మాత్రాన పాట పోయిందని అనుకోవద్దు. చిన్న బ్యాండులు కూడా కొని వాయించుకోవాలన్న ఉద్దేశంతో, ఓబో, బసూన్ వంటి అరుదైన వాద్యాల ముఖ్యమైన పలుకులను ఇతర వాద్యాల కాగితాలలో చిన్న అక్షరాల స్వరాలుగా అచ్చువేసేవారు. వీటిని క్యూ నోట్సు అంటారు. మా పెట్టెలో ఒక సెట్టుకు ఓబో కాగితం లేకపోయినా, దాని ముఖ్యమైన పలుకును సోలో క్లారినెట్, కార్నెట్ కాగితాలలోని క్యూల నుంచి దాదాపు పూర్తిగా తిరిగి రాసుకోగలిగాను. అలా రాసినప్పుడు కొత్త కాగితం పైన, ఇది ఏ కాగితాల నుంచి, ఎవరు, ఏ తేదీన కూర్చినదో తప్పక రాయాలి. ఇంకో యాభై ఏళ్ల తరువాత ఎవరైనా దాన్ని అసలు అచ్చు అని పొరబడకూడదు.

కాలం తేల్చుకోవడం

పాత బ్యాండు నోట్సు మీద అచ్చు సంవత్సరం తరచుగా ఉండదు, ఉన్నా అది హక్కు నమోదైన సంవత్సరమే తప్ప ఆ ప్రతి అచ్చయిన సంవత్సరం కాకపోవచ్చు. ప్రచురణకర్త పేరు ఇక్కడ సాయపడుతుంది. బూసీ అండ్ కంపెనీ, హాక్స్ అండ్ సన్ అనే రెండు లండను సంస్థలు 1930లో కలిసి బూసీ అండ్ హాక్స్ అయ్యాయి. విడివిడి పేర్లుంటే ఆ అచ్చుపలక 1930కి ముందు తయారైనదని, జంట పేరుంటే ఆ ప్రతి తరువాతి కాలపుదని చెప్పవచ్చు. పాత పలకలతోనే తరువాత కూడా అచ్చువేసేవారు కనుక, ముఖపత్రం మీది పేరునూ పుట అడుగున ఉన్న పేరునూ విడివిడిగా చూడండి. దుకాణం రబ్బరు ముద్ర ఉంటే ఇంకా మంచిది. మద్రాసు మౌంట్ రోడ్డులోని సంగీత దుకాణం ముద్ర ఒకటి కనబడితే, ఆ కాగితం ఓడలో దిగి రైలెక్కి చిత్తూరు చేరిన దారి కళ్లకు కట్టినట్లుంటుంది.

ఒక రచనను బీబీసీ బ్యాండు వాయించిందా అని తెలుసుకోవాలంటే, 1923 నుంచి వెలువడిన రేడియో టైమ్స్ పత్రికలోని కార్యక్రమ వివరాలను చూడాలి. వాటిని బీబీసీ జీనోమ్ అనే పేరుతో అంతర్జాలంలో ఉచితంగా వెతుక్కునేలా పెట్టారు. పాట పేరుతో ఒకసారి, రచయిత పేరుతో ఒకసారి, నేను ముందు చెప్పిన రెండు బ్యాండు పేర్లతో ఒకసారి వెతకండి. 1927 నుంచి 1943 దాకా ఏ రోజు, ఏ వేళకు, ఏ పాటల మధ్య దానిని వాయించాలని ప్రకటించారో తెలుస్తుంది. అది ముందుగా అచ్చయిన ప్రకటన కనుక, ఆ రోజు నిజంగా వాయించారనడానికి పూర్తి రుజువు కాదన్న జాగ్రత్త మాత్రం ఉండాలి. మా మామయ్య పెట్టెలోని ఒక పాట ఆ జాబితాలో కనబడిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు.

పెన్సిలు రాతలు

దయచేసి రబ్బరు పట్టవద్దు. అచ్చు ప్రతి ఇంకెక్కడైనా దొరకవచ్చు, పెన్సిలు రాత ఆ ఒక్క కాగితం మీదే ఉంటుంది. మా పెట్టెలోని ఒక మార్చ్ కాగితంలో, తిరిగి వాయించవలసిన చోట మామయ్య తెలుగులో ‘తేరు మలుపు దాకా మళ్లీ’ అని రాసుకున్నారు. లండనులో అచ్చయిన మార్చ్‌ను మన వీధిలో తేరు తిరిగే వేగానికి ఎలా సాగదీసుకున్నారో ఆ నాలుగు మాటలే చెబుతున్నాయి. మరొక కాగితంలో క్లారినెట్ పైస్థాయి స్వరం కొట్టేసి కింది స్థాయి రాసి, పక్కన ‘గంగమ్మ జాతర, రీడు లేదు’ అని ఉంది. పేర్లు, తేదీలు, జీతం లెక్కలు, కొట్టివేతలు అన్నిటినీ నోటు పుస్తకంలోకి ఎక్కించండి. చదవలేని రాతను ఊహించి రాయక, చదవలేకపోయానని రాయండి.

కాపాడడం

మన తిరుపతిలో మే నెల ఎండ కాగితాన్ని అప్పడంలా పెళుసు చేస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ దానికి బూజు పట్టిస్తుంది. 2021 నవంబరు వరదలలో తిరుపతిలో ఎన్నో ఇళ్లలోకి నీరు చేరిన సంగతి మనకు గుర్తుంది. కాబట్టి నోట్సును నేల మీద గానీ, బయటిగోడకు ఆనుకున్న అల్మరాలో గానీ పెట్టకూడదు. నేలకు రెండడుగుల ఎత్తున ఉన్న ఇనుప బీరువా అరలో, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. తేమ తగిలిన కాగితాన్ని ఎండలో వేయకుండా, నీడలో ఫ్యాను గాలికి విడివిడిగా ఆరబెట్టాలి.

తుప్పు పట్టిన పిన్నులను కాగితం చిరగకుండా మెల్లగా తీసేయండి. దుమ్మును మెత్తని బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు తుడవండి. చిరుగులకు సెల్లోటేపు వేయవద్దు, కొన్నేళ్లకు అది గోధుమరంగు మరకై కాగితాన్ని తినేస్తుంది. ఇంట్లో కాచిన మైదా జిగురు పురుగును పిలుస్తుంది. లామినేషన్ మాత్రం అసలే వద్దు. తొలి రోజుల్లో ఒక సోలో కార్నెట్ కాగితాన్ని భద్రం చేస్తున్నాననుకుని ఒక దుకాణంలో లామినేషన్ చేయించాను, ఆ వేడికి కాగితం ముడతపడి ప్లాస్టిక్‌కు అతుక్కుపోయింది, దానిని విడదీసే మార్గం ఇప్పటికీ దొరకలేదు. చిరిగిన కాగితాన్ని ఆమ్లం లేని కాగితపు మడతలో ఉంచితే చాలు. అది దొరకని చోట ఉతికి ఆరబెట్టిన రంగు వేయని నూలుగుడ్డలో చుట్టవచ్చు. కలరా ఉండలు కాగితానికి నేరుగా తగలకూడదు. వేపాకు పెట్టాలనుకుంటే పూర్తిగా ఎండినదాన్ని గుడ్డమూటలో కట్టి అర మూలన ఉంచి, నెలకొకసారి మార్చండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలను భద్రపరిచే చోటు. అటువంటి చోట పనిచేసేవారిని మర్యాదగా అడిగితే కాగితం గురించి కూడా తెలుసుకోగలిగినది ఎంతో ఉంటుంది.

స్కాను తీసేటప్పుడు అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా, రంగులోనే తీయండి. నలుపు తెలుపులో తీస్తే పెన్సిలు రాతకూ అచ్చుకూ తేడా చెరిగిపోతుంది. ఖాళీగా ఉన్న వెనుక పుటనూ వదలవద్దు. ప్రతి ఫైలు పేరులో సెట్టు సంఖ్య, వాద్యం, పుట సంఖ్య ఈ వరుసలోనే ఉంటే తరువాత వెతకడం తేలిక.

మళ్లీ వాయించడం

వాయించడానికి ఎప్పుడూ నకళ్లే వాడాలి. నోట్సుతో పాటు పాత వాద్యం కూడా దొరికితే, దానిని కొత్త వాద్యాలతో కలిపి వాయించే ముందు శృతి సరిచూడండి. బ్రిటిషు సైనిక బ్యాండులు 1920ల చివరి వరకు ఎ స్వరాన్ని సెకనుకు సుమారు 452 కంపనాలుగా పెట్టుకునే పై శృతిని వాడేవి. ఇప్పటి ప్రమాణం 440. ఈ తేడా ఒక స్వరస్థానంలో దాదాపు సగం ఉంటుంది. కార్నెట్ గొట్టాన్ని బయటికి లాగి కొంత సర్దుకోవచ్చు గానీ, క్లారినెట్‌ను అంత దూరం దించబోతే రంధ్రాల మధ్య లెక్క తప్పి ఒక్కో స్వరం ఒక్కో దారి పడుతుంది. కాగితంలో తప్పు లేదు, వాద్యంలోనూ తప్పు లేదు, రెండు కాలాల శృతులు వేరు, అంతే. అటువంటి వాద్యాన్ని పాత వాద్యాల జట్టులోనే వాయించాలి.

బహిరంగంగా వాయించే ముందు, నకళ్లు పంచే ముందు హక్కుల సంగతి చూసుకోవాలి. మన దేశ చట్టం ప్రకారం రచయిత బతికుండగా వెలువడిన సంగీత రచనపై హక్కు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. చనిపోయాక తొలిసారి అచ్చయిన రచనకు ఆ అచ్చు మరుసటి సంవత్సరం నుంచి లెక్క. బ్రిటనులో మరణానంతరం 70 ఏళ్లు. బ్యాండుకు కూర్చినవారికి తమ కూర్పుపై వేరుగా హక్కు ఉంటుంది, కాబట్టి రచయిత ఏనాడో పోయాడని ధీమాగా ఉండక, కూర్చినవారి మరణ సంవత్సరమూ చూడండి.

చివరగా నోటు పుస్తకం వెనుక ఒక పుటను అరువు లెక్కకు కేటాయించండి. ఎవరికి, ఏ సెట్టు, ఎన్ని నకళ్లు, ఏ తేదీన ఇచ్చామో అందులో ఉండాలి. అసలు కాగితాలు ఇల్లు దాటకూడదు. మా పుస్తకంలో ఆ పుట మీద ఇప్పటికి రెండే వరుసలు ఉన్నాయి, రెండోది చిత్తూరులోని ఒక బడి బ్యాండు పిల్లలకు ఇచ్చిన తేరు మలుపు మార్చ్, 24 నకళ్లు.